నీలం తొట్టి బరువు

తిరుపతి నుంచి చంద్రగిరి వైపు పోయే రోడ్డు పక్కన ఒక నీళ్ళ పార్కు ఉంది. బడులకు వేసవి సెలవులు ఇవ్వడం ఆలస్యం, పలమనేరు, కుప్పం, వేలూరు, కోలారుల నుంచి కార్లకు కార్లు సంసారాలు దిగిపోతాయి. మొదటి రోజంతా పార్కులో నానుతారు. రెండో రోజుకు పిల్లల కళ్ళు ఎర్రబడతాయి, పెద్దల నడుములు పట్టేస్తాయి. "ఈ నీళ్ళు ఇంక చాలు, బయట ఏమన్నా చూద్దాం" అని ఇంటి యజమాని ప్రకటిస్తాడు. పొద్దున చంద్రగిరి కోటకు వెళ్ళి రాజమహలు ముందు వరసగా నిలబడి ఫోటోలు దిగుతారు. మధ్యాహ్నం పులిహోర కట్టుకుని కైలాసకోనకు పోతారు. నీళ్ళు చాలన్నవాళ్ళే మళ్ళీ అక్కడ జలపాతం కింద తల పెట్టుకుని నిలబడతారు. వాళ్ళను చూసి నవ్వాల్సిన పనేం లేదు, మనమైనా అదే చేస్తాం.

సాయంత్రానికి అందరూ పార్కు గేటు ఎదుట ఉన్న చింతతోపుకు చేరతారు. లోపల టిక్కెట్టు కొని చూసినవాటి కన్నా ఈ తోపులో దొరికేవే పిల్లలకు ఎందుకో ఎక్కువ నచ్చుతాయి. తుపాకీతో బుడగలు పేల్చొచ్చు. గుర్రమెక్కి తోపు చుట్టూ తిరగొచ్చు. జహీరున్నీసా బండి దగ్గర ఉప్పుకారం అద్దిన మామిడి బద్దలు తిని ముక్కు చీదుకోవచ్చు. అన్నీ అయ్యాక కృపారాణి రాట్నం ఎక్కొచ్చు.

అది కరెంటుతో తిరిగేది కాదు, మనిషి చేత్తో తిప్పేది. రెండు ఇనుప గుంజల మధ్య ఒక ఇరుసు, ఇరుసుకు నాలుగు చేతులు, చేతుల చివర వేలాడే నాలుగు చెక్క తొట్లు. ఎరుపుకు ఎదురుగా తెలుపు, నీలానికి ఎదురుగా పసుపు. ఎదురెదురు తొట్లలో బరువు సమంగా ఉండాలి. లేకపోతే తిప్పేవాడి రెక్కలు పడిపోతాయి. అందుకని కృపారాణి వచ్చిన పిల్లను ఒకసారి ఎగాదిగా చూసి "నువ్వు ఎరుపు, నువ్వు తెలుపు" అని పంచుతుంది. ఆ చూపుకు బొద్దుపిల్లలు కొందరు చిన్నబుచ్చుకుంటారు కూడా. మొగుడు జయరావు పోయాక తిప్పే మనిషి లేక, పిల్లల తండ్రుల చేతనే తిప్పిస్తోంది. "పొట్ట లోపలికి పీల్చి తొయ్యప్పా, నీ బిడ్డే గదా" అంటుంది. పార్కులో యంత్రాల మీద తిరిగొచ్చిన పిల్లలు, ఇక్కడ నాన్నే చెమటలు కక్కుతూ తిప్పుతుంటే విరగబడి నవ్వుతారు. ఆ నవ్వులు వింటే, అదే రాట్నంలోని ఒక తొట్టిని చూసి ఆమె ఏడాదిగా వణికిపోతోందని ఎవరూ అనుకోరు.

రాట్నం జయరావు తండ్రి కాలం నాటిది. విప్పి బండి మీద వేసుకుని జాతర నుంచి జాతరకు తిరిగిన కుటుంబం వాళ్ళది. ఆ రాట్నాలవాళ్ళలో ఒక ఆచారం ఉండేది. సాయంత్రం గొలుసు విప్పగానే ఎవరినీ ఎక్కించకూడదు. మొదటి చుట్టు ఖాళీగా తిప్పాలి. దాన్ని ఉత్తచుట్టు అంటారు. అది పోయినవాళ్ళది. బతికినంత కాలం పరాయి పిల్లలను తిప్పి తిప్పి, ఒక్కనాడూ తీరిగ్గా అందులో కూర్చోలేకపోయిన పెద్దల కోసం ఆ ఒక్క చుట్టు. జయరావు ఆదివారం చర్చి తప్పని మనిషి. పాస్టరుగారు ఈ సంగతి విని "ఇదేం నమ్మకం జయరావూ" అని నొచ్చుకుంటే తల వంచుకుని విన్నాడు. సాయంత్రం మామూలుగా ఉత్తచుట్టు తిప్పాడు.

వాళ్ళకు ఒక్కతే బిడ్డ, స్టెల్లా. నడక రాకముందే రాట్నం ఎక్కింది. నీలం తొట్టి ఆమెది. తోడు లేని బక్కపిల్ల ఎవరైనా వస్తే, పక్కన స్టెల్లాను కూర్చోబెట్టి తూకం సరిచేసేవాళ్ళు. అలా కొత్తపిల్లల పక్కన కూర్చుని, భయపడకుండా వాళ్ళ చెయ్యి పట్టుకోవడం ఆ పిల్ల ఉద్యోగం. ఉద్యోగం అయ్యాక జహీరున్నీసా బండి దగ్గరికి పరుగెత్తేది. "జహీరత్తా, కారం తగ్గించి ఇయ్యి" అని చెయ్యి చాపేది. రోజూ చెప్పేది, అత్తకు తెలియనట్టు.

పుత్తూరు నుంచి వచ్చి రాట్నానికి వెల్డింగు అతుకులు వేసే చిన్నబ్బ, జయరావుకు మంచి స్నేహితుడు. కొడుకును తిరుమలలో తులాభారం వేసి మొక్కు తీర్చుకున్న సంగతి అతను ఒకరోజు చెబుతుంటే స్టెల్లా విన్నది. "నన్నూ తూకం వెయ్యి నాయనా" అని పట్టుబట్టింది. అప్పటి నుంచి ఏటా క్రిస్మస్ మర్నాడు వాళ్ళకదొక వేడుక. నీలం తొట్టిలో స్టెల్లా, పసుపు తొట్టిలో స్వర్ణముఖి ఏటి గుండ్రాళ్ళు. ఎవరూ చెయ్యి వెయ్యకుండా రాట్నం దానంతటదే నిలిచేదాకా జయరావు రాళ్ళు వేసేవాడు. గాలి వదిలితే బరువు తగ్గిపోతుందని స్టెల్లా బుగ్గలు పూరించుకుని కూర్చునేది. తన రాళ్ళు వేరేవాటిలో కలవకుండా ఒక్కోదానికి ఎర్ర గోళ్ళరంగుతో చుక్క పెట్టుకునేది. ఏడాదికి కొన్ని రాళ్ళు పెరిగేవి. సంచి తలుపు మూల ఉండేది.

తొమ్మిదో ఏట, వానల్లో జ్వరం వచ్చింది. వారం తిరక్కుండా బిడ్డ లేదు.

కృపారాణి ఏడవలేదు. బిడ్డ గుర్తు ఏదీ కంటికి కనబడకూడదని కూర్చుంది. గౌన్లు చర్చిలో ఇచ్చేసింది. రాళ్ళ సంచి వైపు చెయ్యి చూపించి, "అవి తీసకపోయి ఏట్లో పారబొయ్యి. నా కంటబడితే నేను బతకను" అంది. జయరావు సంచి సైకిలు మీద వేసుకుని వెళ్ళాడు. పొద్దుగూకినాక ఖాళీ సైకిలు తోసుకుంటూ వచ్చాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో స్టెల్లా పేరు ఎవరూ ఎత్తలేదు.

పొట్ట ఊరుకోదు కాబట్టి రాట్నం మాత్రం తిరిగింది. కృపారాణి నీలం తొట్టి వైపు పోలేకపోయేది. "ఆ పక్కకు నువ్వు రావద్దులే, నేను సూసుకుంటా" అన్నాడు జయరావు. మిగతా తొట్లలో ఇద్దరిద్దరిని ఎక్కించినా, నీలంలో ఒక్కరినే ఎక్కించేవాడు. అక్కాచెల్లెళ్ళు లేని ఒంటి పిల్ల వస్తే నీలానికే. "అటు జరిగి కూర్చో" అని ఒక చివరకు జరిపేవాడు. బిడ్డ చోటు ఖాళీగా ఉంచుకుంటున్నాడు కాబోలు అనుకుని కృపారాణి అడగలేదు. ఉత్తచుట్టు కూడా ఆయనే తిప్పేవాడు, నెమ్మదిగా, పెదవులు కదుపుతూ. వాళ్ళ నాయన కోసం ప్రార్థన అనుకుంది. ఇంటికి పోయే ముందు నీలం తొట్టి కిందికి వచ్చేలా చూసి గొలుసు వేసేవాడు. దాన్ని గురించి ఆమె ఏమీ అనుకోలేదు.

పోయిన ఏడాది మామిడికాయల కాలంలో, అన్నం తిని చింతచెట్టు కింద పడుకున్న జయరావు లేవలేదు.

కొన్నాళ్ళకు కృపారాణి ఒక్కతే వచ్చి గొలుసు విప్పింది. ఆమె చేత్తో రాట్నం ఉత్తచుట్టు తిరగడం అదే మొదలు. తోసింది. తొట్లు పైకి లేచాయి, తిరిగాయి, నెమ్మదించాయి. నీలం తొట్టి కిందికొచ్చి ఆమె ముందు ఆగింది. మళ్ళీ తోసింది. మళ్ళీ నీలమే. ఈసారి ఎదురువైపుకు తోసింది. నీలమే వచ్చింది. ఎటు తోసినా, ఎంత గట్టిగా తోసినా, చివరికి ఆ ఖాళీ తొట్టే మనిషి కూర్చున్నంత బరువుగా దిగి ఆమె మోకాళ్ళ ముందు నిలిచేది.

ఇంతలో చెక్కలోంచి టక్కుమని ఒక చప్పుడు. కాస్త ఆగి ఇంకొకటి.

కృపారాణి తొట్టి మీంచి చెయ్యి తీసేసింది. రాట్నం తిప్పబోయే ముందు తొట్టిని వేలి కణుపులతో రెండుసార్లు తట్టడం జయరావు అలవాటు. గట్టిగా పట్టుకోండి అని దాని అర్థం.

ఉత్తచుట్టు ఎవరిది? పోయినవాళ్ళది. జీవితమంతా తిప్పి, ఒక్కనాడూ కూర్చోని మనిషి ఇప్పుడు తీరిగ్గా వచ్చి కూర్చున్నాడు. రాట్నం ఇంటి కోడలికి ఇది అర్థం కావడానికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంకెవరైనా అయితే తొట్టి కిందికి ఒంగి చూసేవాళ్ళు. ఆమె చెంగు కప్పుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆ రోజు నుంచి నీలం తొట్టిలో ఎవరినీ ఎక్కించలేదు. పసుపు తొట్టిలో ఇసుక సంచి వేసి, మిగతా రెండింటితోనే నడుపుకుంది. ఇసుక సంచి వేసినా, ఆఖరుకు నీలమే దిగేది. సాయంత్రం ఉత్తచుట్టు అయ్యాక జహీరున్నీసా దగ్గర గ్లాసుడు టీ తీసుకుని ఆ తొట్టి పలక మీద పెట్టేది.

"ఎవురికి కృపక్కా ఆ టీ?" అని మొదటి రోజు జహీరున్నీసా అడిగింది.

"ఆయనకు."

జహీరున్నీసా మామిడికాయ కోస్తున్న కత్తి ఆపింది. "నీకు బయమెయ్యదా?"

"బయమే. అయినా వచ్చిన మనిషిని పొమ్మంటానా?"

అది నిజం. ఆమెకు భయమూ ఉండేది, ఆ భయంలో ఒక తోడూ ఉండేది. తోపులో జనం పల్చబడ్డాక తొట్టి పక్కన కూర్చుని ఆ రోజు సంగతులు చెప్పేది. ఎవరెవరు వచ్చారు, ఏ ఊరి ఆసామి రెండు చుట్లకే చేతులెత్తేశాడు, ఎవరి పిల్ల దిగనని ఏడ్చింది. నవ్వాల్సిన చోట నవ్వేది కూడా. గాలికి తొట్టి కదిలితే ఒప్పుకున్నాడనుకునేది. ఇంటికి పోయి తలుపు వేసుకున్నాక మాత్రం ఆ టక్కుటక్కు చెవుల్లో వినిపిస్తూనే ఉండేది.

అలా ఏడాది గడిచింది. ఈ వేసవిలో ఒక సాయంత్రం, తిప్పే ముందు నేల మీదికి దించిన టీ గ్లాసు తీసుకుందామని ఒంగింది. పైనున్న నీలం తొట్టి అప్పుడే దిగుతోంది. ఎప్పటిలా నిటారుగా రాలేదు. ఒక పక్కకు వాలి, మూల ముందుకు పొడుచుకుని వచ్చి ఆమె భుజం మీద పడింది.

జహీరున్నీసా ఆమెను ఆటోలో పుత్తూరుకు తీసుకుపోయింది. అక్కడి కట్టువాళ్ళు ఆకు నూరి వేసి, బద్దలు పెట్టి కట్టు కట్టారు. తలకు తగల్లేదు, అదృష్టం అన్నారు అందరూ. భుజం నొప్పి కృపారాణికి లెక్కలోకి రాలేదు. జయరావు బతికుండగా ఆమె మీద చెయ్యెత్తిన మనిషి కాదు, గట్టిగా కేకలేసిన మనిషి కూడా కాదు. అలాంటివాడు చచ్చి ఏడాదైనాక కొట్టాడు.

"ఇరుసు అరిగిపోయింటాదక్కా, సిన్నబ్బకు సూపియ్యి" అంది జహీరున్నీసా.

"ఇరుసు కాదు జహీరూ. ఆయనకు నా మింద కోపం. బిడ్డ పేరు కూడా లేకుండా ఇంట్లోంచి తుడిసేసినాను గదా. బతికినన్నాళ్ళూ మనసులో పెట్టుకున్నాడు. ఇప్పుడు కొట్టినాడు."

"అట్లనొద్దక్కా."

"ఇంకేం అనేది? ఆయన అట్లాంటోడు కాదు. నేనే అట్లా సేసినాను."

ఆ మాట ఆమెను తినేసింది. తిండి సయించలేదు. తొట్టి దగ్గరికి పోవాలంటే భయమేసేది. పోకపోతే ఆయన ఎదురు చూస్తుంటాడేమోనని గుండె పీకేది. చివరికి చిన్నబ్బకు ఫోను చేసింది.

"సోమారం గ్యాసు కటింగు తీసకరా సిన్నబ్బా. రాట్నం కోసేసి పాత ఇనుముకు తీసకపో."

"ఏందొదినా ఇది? అన్న పానం గదా ఆ రాట్నం!"

"అందుకే. అదుంటే ఆయన పోడు. కూర్చునే దానికి చోటు లేకుంటే పోతాడు."

ఫోను పెట్టేసి, కట్టు లేని చేత్తో ముఖం కప్పుకుంది. మొగుణ్ణి ఒకసారి మట్టిలో పెట్టింది. ఇప్పుడు రెండోసారి తనే వెళ్ళగొడుతోంది.

ఆదివారం తోపు కిటకిటలాడింది. ఆఖరి రోజు కదా అని కృపారాణి గొలుసు విప్పింది. ఉత్తచుట్టుకు కూడా ఎవరినో బతిమాలి తోయించింది. టీ పెట్టలేదు. చెయ్యి కట్టులో వేలాడుతుంటే దూరంగా నిలబడి, ఎవరు ఏ తొట్టో చెబుతోంది.

పలమనేరు నుంచి మునికృష్ణ కుటుంబం వచ్చింది. నిన్న పార్కు, పొద్దున కోట, మధ్యాహ్నం కైలాసకోన. అందరి ముఖాలూ వాడిపోయాయి, ఏడేళ్ళ కూతురిది తప్ప. భార్య మామిడి బద్దల దగ్గర ఆగిపోయింది. తల్లి వరదమ్మ మనవరాలి వెనక రొప్పుతూ వచ్చింది.

"నీ పేరేందమ్మా?" అంది కృపారాణి.

"బళ్ళో తన్వి. ఇంట్లో తాయమ్మ" అంది పిల్ల, రెండోది కాస్త చిరాగ్గా.

"మా యమ్మ పేరు" అని వరదమ్మ గర్వంగా సర్దిచెప్పింది.

"ఎరుపులో కూర్చో తాయమ్మా."

"నాకు బ్లూ కావాల."

"అది పనికి రాదు. ఎరుపు మంచిది."

కృపారాణి అటు తిరిగి, కోలారు నుంచి వచ్చిన అన్నదమ్ములిద్దరిని తెలుపు తొట్టికని పక్కన నిలబెడుతోంది. ఇటు తిరిగేసరికి పిల్ల నీలం తొట్టిలో కూర్చుని కాళ్ళాడిస్తోంది.

"దిగు!" అని అరిచింది కృపారాణి. తోపంతా ఆమె వైపు చూసింది. "దిగమంటా ఉంటే! ఆడ కూర్చోగూడదు!"

పిల్ల బెదిరి, కాళ్ళు పైకి ముడుచుకుంది. మేకులు వదులైన పలక ఆ కదలికకు పక్కకు జరిగింది. లోపల టక్కుమంది. భయం మరిచిపోయి పిల్ల ఆ సందులో చెయ్యి పెట్టింది.

"అవ్వా, ఈడ రాళ్ళుండాయి! సూడు, రాయికి నెయిల్ పాలిష్ ఏసినారు."

కృపారాణి ఆ నాలుగు అడుగులు నడిచిందో పరుగెత్తిందో ఆమెకే తెలియదు. పిల్ల చేతిలోంచి రాయి అందుకుంది. గుండ్రంగా, నున్నగా, అరచేతికి సరిపోయే ఏటి రాయి. చుక్క వెలిసిపోయి ఇటుక రంగుకు తిరిగింది. బొటనవేలితో తడిమింది. ఎవరి వేలి కొసతో పెట్టిన చుక్కో ఆమెకు తెలుసు.

"ఈ పలక తియ్యప్పా" అంది మునికృష్ణతో.

ఆయన కూతుర్ని దించి, కారులోంచి స్పానరు తెచ్చి పలక లేపాడు. కింద ఇంకో అడుగు పలక ఉంది. అది జయరావు చేతి పని. ఆ మేకులు చూస్తేనే తెలుస్తుంది, ఒక్కటీ తిన్నగా దిగి ఉండదు. ఎలకలు కొరికిన గోనెసంచి చీకిపోయి, రాళ్ళన్నీ ఒక మూలకు దొర్లి ఉన్నాయి. అందుకే తొట్టి వాలింది. అందుకే మూల పొడుచుకొచ్చింది. చెక్కను తట్టింది కూడా ఆ రాళ్ళే.

ఏట్లో పారబొయ్యమంటే, ఈ మనిషి తెచ్చి ఇక్కడ పెట్టుకున్నాడు. బిడ్డంత బరువు, బిడ్డ కూర్చునే చోట. ఒంటి పిల్లలను అటు జరిపింది చోటు ఖాళీగా ఉంచడానికి కాదు. అక్కడ స్టెల్లా కూర్చుని ఉంది. కొత్తపిల్లల చెయ్యి పట్టుకునే తన ఉద్యోగం ఇంకా చేస్తూనే ఉంది. ఉత్తచుట్టులో జయరావు పెదవులు కదిలింది చచ్చిన తండ్రి కోసం కాదు.

కృపారాణి మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో రాయే తీసి నేల మీద పెట్టసాగింది. పక్కన వరదమ్మ ఏదో అడుగుతోంది. వినిపించలేదు. కొన్ని రాళ్ళు తీసేసరికి ఎదుటి పసుపు తొట్టిలోని ఇసుక సంచి బరువెక్కువైంది. ఏడాదిగా ఎవరు ఎంత తోసినా ఆమె ముందుకే వచ్చి ఆగిన నీలం తొట్టి, మెల్లగా కదిలి, ఆమె చేతి కిందనుంచి పైకి లేచిపోసాగింది.

"ఉండు!" అని రెండు చేతులతో పట్టుకుంది, కట్టులో ఉన్న చెయ్యి కూడా లాక్కుని. "ఉండమ్మా. యాడికి పోతావు?"

మునికృష్ణ వచ్చి తొట్టిని అదిమి పట్టాడు. కృపారాణి తీసిన రాళ్ళను తీసినట్టే మళ్ళీ లోపల పెట్టింది. తొట్టి దిగింది. దాని అంచు మీద తల ఆనించి, అప్పుడు ఏడ్చింది. ఏడేళ్ళ కిందట ఏడవాల్సిన ఏడుపు అది. దానిలో కోపం కూడా ఉంది, దాచడమెందుకు.

"ఇన్నేండ్లు! సాయంత్రమైతే సాలు బిడ్డను నువ్వొకడివే తిప్పుకుంటివే! ఒక్కనాడన్నా నన్ను పిలిస్తివా?" అని ఖాళీ తొట్టి మీద చేత్తో కొట్టింది. కొట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. వినేవాడు అందులో లేడు. ఏడాదిగా లేడు. ఆయన ఆమెను కొట్టలేదు, ఆమె మీద కోపగించుకోలేదు, అసలు రానేలేదు. ఇన్నాళ్ళూ ఆమె చెప్పిన కబుర్లు ఎవరూ వినలేదు, ఆ టీ చీమలు తాగాయి. కొట్టలేదన్న ఊరట, రాలేదన్న దుఃఖం రెండూ ఒకేసారి వచ్చి మీద పడితే, ఆ మనిషి తట్టుకోలేకపోయింది. వరదమ్మ, ఏమిటో ఎందుకో తెలియకపోయినా, పక్కన కూలబడి ఆమె వీపు నిమురుతూ ఉండిపోయింది.

కాసేపటికి తాయమ్మ మెల్లగా దగ్గరికి వచ్చింది. "ఆంటీ, ఇంక ఎక్కొచ్చా?"

మునికృష్ణ కూతురి రెక్క పట్టుకోబోయాడు. కృపారాణి కళ్ళు తుడుచుకుంది.

"ఎక్కు. అటు జరిగి కూర్చో. ఈ పక్క ఇంకో పాప కూర్చుంటాది."

పిల్ల వెంటనే జరిగింది. పక్కన ఎవరూ లేకపోవడం దానికి పెద్ద విషయంగా తోచలేదు. "ఆ పాప పేరేంది?"

ఆ పేరు కృపారాణి నోట పలికి ఏడేళ్ళయింది.

"స్టెల్లా" అంది.

తర్వాత వరదమ్మను ఎగాదిగా చూసి, పసుపు తొట్టిలోంచి ఇసుక సంచి దించేయించింది. "నువ్వెక్కవ్వా ఆ పక్క. సరింగా సరిపోతావు." వరదమ్మ వద్దు వద్దంటూనే చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఎక్కేసింది. మునికృష్ణ పొట్ట లోపలికి పీల్చి తోశాడు. పైకి పోయిన అవ్వ దేవుళ్ళందరినీ వరసగా పిలిచింది. నీలం తొట్టిలో తాయమ్మ నవ్వు వినిపించింది.

సోమవారం పొద్దున చిన్నబ్బ గ్యాసు సిలిండరు మోటారు సైకిలుకు కట్టుకుని వచ్చాడు. ముఖం వేలాడేసుకుని ఉన్నాడు.

"యాణ్ణించి కొయ్యమంటావొదినా?"

"కోసేది లేదు. నీలం తొట్టికి అడుగున ఇనప పళ్ళెం ఒకటి అతికించు. గట్టిగా ఉండాల. ఒక్క రాయి కూడా కదలగూడదు."

చిన్నబ్బ ఒంగి పలక కిందికి చూశాడు. ఎర్ర చుక్కలు చూశాడు. తులాభారం కథ ఆ పిల్లకు చెప్పింది తనే. తర్వాత ముక్కు ఎగబీలుస్తూ సిలిండరు కట్లు విప్పుకున్నాడు.

సాయంత్రం పార్కు నుంచి తడి తలల పిల్లలు బయటపడే వేళకు కృపారాణి గొలుసు విప్పింది. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. పుత్తూరు కట్టు ఒక చేతికి ఉంటే, రెండో చేత్తో తనే తోసింది. వేలి కణుపులతో నీలం తొట్టిని రెండుసార్లు తట్టి మరీ తోసింది. రాట్నం నెమ్మదిగా కదిలింది. దాని వెనకే ఆమె పెదవులు కదిలాయి.

"గట్టిగా పట్టుకోమ్మా."

తొట్టి పైకి పోయింది, తిరిగి వచ్చింది, చప్పుడు చెయ్యకుండా ఆమె ముందు ఆగింది. జహీరున్నీసా అలవాటు ప్రకారం టీ గ్లాసు పట్టుకుని వచ్చి నిలబడింది.

"టీ వద్దు జహీరూ. ఆ మనిషి లేడు. ఒక మామిడి బద్ద ఇయ్యి" అంది కృపారాణి.

జహీరున్నీసా ఆమె ముఖంలోకి ఒకసారి, తొట్టి వైపు ఒకసారి చూసింది. బండి దగ్గరికి పోయి బద్ద కోసి, కారం తగ్గించి అద్ది తెచ్చింది.